జిన్నపాపలా, బిన్నపాపలా? ("నీ చేతు లెట్లాడెనో" పద్యం)

చేనుగట్టు:
రెండ్రోజుల్నుంచి ఒక పద్యం బుర్రలో తిరుగుతోంది, మూడో పాదం దగ్గరికొచ్చి ఆగిపోతోంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూల్లో మందుపాతరల నిషేధం గురించి మాట్లాడాలట. 1997 ఒట్టావా ఒప్పందం, 2008 క్లస్టర్ బాంబుల ఒప్పందం అన్నీ రాసుకుంది, మొదట్లో ఒక తెలుగు పద్యం పెడదాం నాన్నా అంది. నాకు వెంటనే భాగవతంలో, నిద్రపోతున్న తన కొడుకుల్ని చంపిన అశ్వత్థామని ద్రౌపది అడిగింది గుర్తొచ్చింది, "నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో?" అని. దాని పైపాదం నాకు "భద్రాకారులఁ జిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్" అని వచ్చు, మా నాన్న మాత్రం "బిన్నపాపల" అనేవాడు. ఏది సరైంది? ఇంకోటి కూడా, అసలు ఈ పద్యం మందుపాతరకి అతుకుతుందా? అశ్వత్థామ చీకట్లో వచ్చినా తనే వచ్చాడు. పాతర పెట్టినవాడు పిల్ల కాలు దానిమీద పడేసరికి ఎక్కడో ఉంటాడు, చచ్చిపోయి కూడా ఉండొచ్చు. ఎవరి చేతుల్ని అడగాలి?

ఉత్పలమాల:
బిన్నపాపలే. భద్రాకారులఁ బిన్న... భ వెనకాలే బ ఎలా పడిందో ఒకసారి పైకి చదవండి. పోతన అంత మంచి శబ్దాన్ని చేతులారా వదులుకోడు.

కడపోడు:
అక్కా, శబ్దమే లెక్కైతే రెండో పాదం "జీకటిన్" తో ముగుస్తుంది, ఆ జ ఇంకా చెవిలో ఉండగానే జిన్నపాపల వస్తుంది, దానికేమంటారు? యతితో తేలదు, భ కి ప్రౌ తో మైత్రి కుదిరింది, మనం కొట్టుకునేది ఆరో అక్షరం గురించి. రెండూ గురువే, రెండూ ద్రుతం మీద సరళాదేశమే, అంటే ముందు మాట చివరి న్ వల్ల చిన్న జిన్న అయింది, పిన్న బిన్న అయింది. మా ఇంట్లో జిన్న.

పద్యాలపంతులు:
మీరు ఆరో అక్షరం దగ్గర ఆగారు, అసలు చిక్కు రెండో పాదం మొదట్లో ఉంది. కించిత్ (కొంచెం) + ద్రోహం సంధి చేస్తే కించిద్ద్రోహం, కిం పైపాదం చివరే ఆగుతుంది, అంటే ప్రాస స్థానంలో ద్ద్ర. మిగతా మూడు పాదాల్లో ఉత్త ద్ర. రాసేటప్పుడు ఒక ద తీసేసి "కించిద్రోహంబు" అంటే ప్రాస నిలుస్తుంది, సంధి పోతుంది. నలభై ఏళ్ళు పిల్లలకి ఈ పద్యం చెప్పాను, చెవికి రెండూ ఒకటే కాబట్టి పోతనగారు చెవిని నమ్మారని నా అభిప్రాయం.

చేనుగట్టుగారూ, మీ అమ్మాయికి దీని ముందున్న కందం కూడా నేర్పండి. "శిశుమారణ మాసురకృత్యంబు ధర్మమగునే తండ్రీ!" అంటుంది. కడుపున పుట్టిన అయిదుగురినీ చంపినవాణ్ణి పట్టుకుని తండ్రీ అంది! నాకు ఆ ఒక్క మాట దగ్గర ఎప్పుడూ గొంతు పూడుకుపోయేది, క్లాసులో పిల్లలు చూస్తూ ఉండేవాళ్ళు. సంస్కృత భాగవతంలో ద్రౌపది అర్జునుడితోనే మాట్లాడుతుంది, ఇతన్ని వదిలెయ్యమని. అశ్వత్థామ మొహం మీద అడగడం మన పోతన అడిగించిందే.

సింగరేణి:
మందుపాతర అనే మాట మా దిక్కు ఎవ్వరికీ చెప్పక్కర్లేదు, తొంభైలల్ల పేపర్ తీస్తే అదే. కానీ పాతర అంటే మా అమ్మమ్మ వాళ్ళింట్ల జొన్నల పాతర. గుంత తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ పెట్టి మట్టి కప్పేటోళ్ళు. తెరిచిననాడు ఎవ్వర్నీ దిగనిచ్చేది కాదు, లోపలి ఆవిరి పోవాలె, దీపం దించి చూసి అది ఆరకుంటేనే మనిషి దిగాలె. కరువుల పిల్లల కడుపు నింపనీకి దాచిన గుంత పేరు తీస్కపోయి దీనికి పెట్టిన్రు, నాకు అది ఇప్పటికీ మింగుడు పడదు.

కడపోడు:
మా చిన్నాన్న ఆర్మీలో చేశాడన్నా. 2001 డిసెంబర్లో పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దు పొడుగునా పాతరలు పెట్టారు కదా, తర్వాత తీసేటప్పుడు రాజస్థాన్ వైపు ఉన్నాడు. బోర్లా పడుకుని సన్నటి ఊచతో నేలని ఏటవాలుగా పొడుచుకుంటూ పోవాలంట, నిలువుగా పొడిస్తే నేరుగా దాని నెత్తిన తగుల్తుంది. ఇసుక జరిగితే పాతరా జరుగుతుంది, మ్యాపులో గీసినచోట ఉండదు. పెట్టినోళ్ళం మేమే, ఎక్కడుందో మాకే తెలీదురా అనేవాడు. అది చెప్పేటప్పుడు ఊచ పట్టుకున్నట్టే వేళ్ళు పెట్టేవాడు, అన్నేళ్ళ తర్వాత కూడా.

ఉత్పలమాల:
అయితే చేనుగట్టుగారికి కావల్సిన ఘట్టం అదే స్కంధంలో, కొంచెం ముందే ఉంది. అశ్వత్థామ అర్జునుడి మీద బ్రహ్మశిరం అనే అస్త్రం వేస్తాడు, వెయ్యడం వచ్చు, ఉపసంహారం, అంటే వెనక్కి తీసుకోవడం రాదు. అర్జునుడికి రెండూ వచ్చు. నా మటుకు నాకు నిషేధించాల్సిన ఆయుధం ఏదీ అంటే ఉపసంహారం లేనిది. లావోస్ మీద 1964 నుంచి 1973 దాకా క్లస్టర్ బాంబుల్లోంచి జల్లిన చిన్న బాంబులు 27 కోట్ల పైమాటే, టెన్నిసు బంతంత ఉంటాయి, మూడో వంతు దాకా పేలకుండా పొలాల్లో ఉండిపోయాయంటారు. వేసినవాళ్ళు యుద్ధం ముగిసిందని వెళ్ళిపోయారు, ఆ బంతులకి ఎవరు చెప్పాలి ముగిసిందని?

పద్యాలపంతులు:
మనుధర్మంలో ఏడో అధ్యాయంలో రాజుకి చెప్పింది చూడండమ్మా: కూటాయుధాలతో, కర్ణి బాణాలతో, విషం పూసినవాటితో, నిప్పంటించిన వాటితో కొట్టకూడదు. కర్ణి అంటే చెవుల్లా వెనక్కి తిరిగిన ముళ్ళున్న బాణం, దిగితే బయటికి రాదు. కూటం అంటే పైకి చెక్కలా కనపడి లోపల పదునైన కత్తి దాచింది అని వ్యాఖ్యాత కుల్లూకభట్టు. కూటసాక్షి (దొంగసాక్షి) లోని కూటమే. ఆఫ్ఘనిస్తాన్లో సోవియట్లు జల్లిన సీతాకోకచిలుక ఆకారం మందుపాతరని బొమ్మనుకుని పిల్లలు చేత్తో తీసుకున్నారు. దానికి ఇంతకన్నా సరైన మాట మరో భాషలో ఉంటుందనుకోను.

కడపోడు:
మాష్టారూ కూటం దగ్గర నేను ఒప్పుకోను, కూటం అంటే సమ్మెట అని కూడా ఉంది కదా. మాటకేం గానీ, ఇండియా ఆ రెండు ఒప్పందాల్లోనూ లేదు. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాన్ కూడా లేవు. 2025లో లిథువేనియా క్లస్టర్ ఒప్పందం నుంచి బయటికే వచ్చేసింది, పక్కన రష్యా ఉందని. వాళ్ళ భయం అబద్ధం కాదు కదన్నా.

చేనుగట్టు:
భయం నిజమే తమ్ముడూ. కానీ భయపడినవాడు పెట్టిన పాతరకి ఎవరికి భయపడి పెట్టారో తెలీదు, సైనికుడి బూటూ మేకల వెనక పరిగెత్తే పిల్ల కాలూ దానికి ఒకటే. చేతులాడటం అంటే మనం ఇప్పటికీ "వాణ్ణి కొట్టడానికి చెయ్యాడలేదు" అంటాం, ఎదుటివాడి మొహం చూసినప్పుడు చెయ్యి ఆగిపోవడం అన్నమాట. మందుపాతరలో ఆ ఆగే చెయ్యే తీసేశారు. అందుకే ఈ పద్యం అతకదేమో అన్న నా అనుమానం పోయింది, అడగాల్సింది పెట్టినచేతినే, పెట్టిన రోజునే. మా అమ్మాయికి అదే చెప్పాను. ఉపసంహారం సంగతి కూడా రాసుకుంది, థాంక్స్ అక్కా. ఇప్పుడు బట్టీ పడుతోంది, "భద్రాకారులఁ బసిపాపల" అని చదువుతోంది.

పద్యాలపంతులు:
అయ్యో, పసి అంటే గణం పోయింది! అక్కడ గురువుండాలి. ఆపండి ముందు.

ఉత్పలమాల:
అందుకే బిన్న అని చెప్పెయ్యండి.

సింగరేణి:
మా మామ దగ్గర భాగవతం పాత అచ్చు ప్రతి ఒకటున్నది, అట్ట ఊడింది. ఆదివారం పోయి చూస్త.

కడపోడు:
మూడో పాదం కనపడేలా ఫొటో పెట్టన్నా. జిన్న అనే ఉంటుంది.