సగం యాక్సిలరేటర్‌లో మిస్సింగ్, పూర్తిగా తొక్కితే మామూలే. ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా దగ్గర ముప్పై ఏళ్లు దాటిన పెట్రోలు కారు ఉంది. నాలుగు సిలిండర్లు, కార్బురేటర్, పాయింట్లున్న (కాయిల్ కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్ లాంటివి) డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచేది). నెల రోజులుగా మిస్సింగ్, అంటే ఇంజను మధ్యమధ్యలో స్పార్క్ తప్పినట్టు తడబడటం, వస్తోంది. స్టార్టింగ్‌కు ఇబ్బంది లేదు, ఐడ్లింగ్ నిలకడగానే ఉంటుంది. రోడ్డెక్కి ఒకే వేగంతో పోతున్నప్పుడు మాత్రం ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు జర్కులు ఇస్తోంది. కొత్త ప్లగ్గులు వేశాను, కార్బురేటర్ విప్పించి కడిగించాను. ఏమీ మారలేదు. ఇప్పుడు కాయిల్ (ప్లగ్గులకు కావాల్సిన ఎక్కువ వోల్టేజీ తయారుచేసేది) మార్చమంటున్నారు. మార్చనా? బండి తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు:
కాయిలే అయ్యుంటుంది అన్నా. పాత కాయిళ్లు వేడెక్కితే ఇలాగే చేస్తాయి. మార్చి చూడండి, పోయేదేముంది.

మరో జవాబు:
మార్చి చూడటం కన్నా కొలిచి చూడటం తేలిక. బలాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే భాగం) లేని కాయిల్ అయితే ప్రైమరీ చుట్టు నిరోధం సుమారు 3 ఓములు, రెసిస్టర్‌తో వాడేదైతే 1.5 దరిదాపుల్లో ఉంటుంది. బండి కాసేపు నడిపి, కాయిల్ వేడిగా ఉన్నప్పుడు కొలవండి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించి వేడెక్కాక మొరాయించేవి చాలానే ఉంటాయి. అలాగే రాత్రిపూట చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను ఆన్ చేసి చూడండి. హెచ్‌టీ వైర్ల (ప్లగ్గులకు వెళ్లే లావు వైర్లు) మీద, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద నీలం మెరుపులు పాకితే లీకేజీ ఉన్నట్టే. చేతులు మాత్రం దూరంగా పెట్టండి, అక్కడ ఉండేది వేల వోల్టులు.

ఒక ప్రశ్న. ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ పూర్తిగా తొక్కితే జర్కులు పెరుగుతున్నాయా?

ప్రశ్న అడిగినవారు:
అదే వింత సార్. పూర్తిగా తొక్కితే జర్కులు పోతాయి, బండి బ్రహ్మాండంగా లాగుతుంది. అందుకే ముందు కార్బురేటర్ మీద అనుమానపడ్డాను. చీకట్లో చూశాను, మెరుపులేమీ లేవు. కాయిల్ వేడి మీద 3.1 ఓములు చూపించింది. దానికి బలాస్ట్ రెసిస్టర్ లేదు.

జవాబు:
ఈ ఒక్క మాట మొదటే చెప్పి ఉంటే కాయిల్ ఊసే వచ్చేది కాదు. సిలిండర్‌లో మిశ్రమం ఎంత దట్టంగా నిండితే, ప్లగ్గు గ్యాప్‌లో స్పార్క్ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడే సిలిండర్ బాగా నిండుతుంది. కాయిల్ గానీ, హెచ్‌టీ వైరు గానీ, రోటర్ (డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ కరెంటు పంచే ముక్క) గానీ బలహీనపడితే ముందు అక్కడే బయటపడాలి. మీ బండి దానికి పూర్తిగా తిరగేసి చేస్తోంది.

ఐడ్లింగ్‌లో లేకుండా, పూర్తి త్రాటిల్‌లో లేకుండా, సగంలో మాత్రమే పనిచేసేది ఏమిటి? వాక్యూమ్ అడ్వాన్స్, అంటే ఇంజను పీల్పుతో స్పార్క్‌ను కాస్త ముందుకు జరిపే ఏర్పాటు. డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రని డబ్బా, దానికి కార్బురేటర్ నుంచి సన్నని ట్యూబు ఉంటాయి కదా, అదే. చాలా బండ్లలో ఐడ్లింగ్‌లో ఆ ట్యూబులో వాక్యూమ్ ఉండదు, పూర్తిగా తొక్కినప్పుడూ దాదాపు ఉండదు. సగంలో ఉన్నప్పుడు డబ్బాలోని డయాఫ్రం (సాగే పలుచని పొర) లాగి, పాయింట్లు బిగించిన ప్లేటును తిప్పుతుంది. ప్లేటు తిరిగిన ప్రతిసారీ పాయింట్లకు వెళ్లే సన్నని వైరు కూడా వంగుతుంది. ఏళ్ల తరబడి అలా వంగి వంగి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి పోగులు తెగిపోతాయి. చూస్తే తెలియదు.

ఇలా చేయండి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ట్యూబు ఊడదీసి, కార్బురేటర్ వైపు కొనను ఏదైనా బిరడాతో గట్టిగా మూసి బండి నడపండి. పికప్ కొంచెం తగ్గుతుంది, కొద్ది దూరానికి ఇబ్బంది లేదు. జర్కులు పోతే దోషం రెండింట్లో ఒకటి: ఆ వైరు, లేదా డయాఫ్రం చిరిగి గాలి లీకవడం. ఏది అన్నది తేల్చడానికి, ట్యూబును డబ్బాకు తొడిగి, రెండో కొన తుడిచి నోటితో పీల్చి నాలుకతో మూసి పట్టుకోండి. క్యాప్ తీసి ఉంచితే ప్లేటు కదలడం కనిపిస్తుంది. కదిలి అక్కడే ఆగితే డయాఫ్రం బాగున్నట్టు, మెల్లగా వెనక్కి జారితే చిరిగినట్టు.

ఇంకో సభ్యుడు:
ఈ గోల అంతా ఎందుకు, పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకుంటే జీవితాంతం హాయి.

జవాబు:
పెట్టుకోవచ్చు, నేనూ ఒక బండికి పెట్టాను. కానీ దాని పికప్ (పాయింట్ల బదులు ఉండే సెన్సర్) కూడా కూర్చునేది ఆ ప్లేటు మీదే, దాని వైర్లూ అలాగే వంగుతాయి. ముందు ఉన్న రోగం కనిపెట్టకుండా కొత్త సామాను తగిలిస్తే పాత రోగమే కొత్త పేరుతో వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ట్యూబు మూసి నడిపాను. ఒక్క జర్కు లేదు! నోటితో పీలిస్తే ప్లేటు కదిలి అక్కడే ఆగింది. అంటే వైరేనా?

జవాబు:
తొంభై పాళ్లు అదే. ఖాయం చేసుకోండి. కీ తీసేసి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే సన్నని వైరును కాయిల్ దగ్గర ఊడదీయండి. మల్టీమీటర్ ఒక కొన ఆ వైరుకు, రెండోది పాయింట్ల స్ప్రింగుకు ఆనించి, ప్లేటును చేత్తో అటూ ఇటూ కదపండి. రీడింగ్ సున్నా దగ్గర కదలకుండా ఉండాలి. ఎగిరెగిరి పడితే దొరికినట్టే. ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి ఒక పొట్టి ఎర్త్ వైరు ఉంటుంది, దాన్నీ ఇలాగే చూడండి. అదీ ఇలాగే తెగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
దొరికింది! ప్లేటు ఒక పక్కకు వెళ్లగానే రీడింగ్ మాయమవుతోంది. ఎర్త్ వైరు బాగుంది. ఇంట్లో ఉన్న మామూలు వైరు వేసేయొచ్చా?

జవాబు:
వద్దు. గట్టి వైరు వేస్తే కొన్నాళ్లకు మళ్లీ తెగుతుంది, పైగా ప్లేటును తిరగనివ్వదు. సన్న పోగులు బాగా ఎక్కువున్న మెత్తటి వైరే కావాలి. కాస్త వదులుగా వంపు ఉంచండి, కానీ రోటర్‌కు తగలకూడదు. చేయి పెట్టారు కాబట్టి పాయింట్ల గ్యాప్ కూడా ఫీలర్ గేజ్‌తో చూడండి. చాలా బండ్లకు 0.4 మి.మీ. దగ్గర ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఉన్నదే పెట్టండి. క్యామ్ (పాయింట్లను తెరిచే తిరిగే భాగం) మీద గ్రీజు చుక్కంత చాలు, ఎక్కువైతే పాయింట్ల మీదికి చిందుతుంది. గ్యాప్ మారితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా పక్కకు జరుగుతుంది, చివర్లో అది చూడటం మరవకండి.

మరో సభ్యుడు:
ఇక్కడే ఒక చిన్న సందేహం. నా బండి కీ తిప్పి పట్టుకున్నంతసేపే అంటుకుంటుంది, వదలగానే ఆగిపోతుంది. అదీ ఈ వైరేనా?

జవాబు:
కాదు. బలాస్ట్ రెసిస్టర్ ఉన్న బండి అయితే ముందు దాన్ని చూడండి. స్టార్టర్ తిరిగేటప్పుడు కరెంటు రెసిస్టర్‌ను తప్పించుకుని నేరుగా కాయిల్‌కు వెళ్తుంది, కీ వదలగానే రెసిస్టర్ గుండా వెళ్లాలి. రెసిస్టర్ కాలిపోయి ఉంటే అక్కడే ఆగుతుంది. కీ స్విచ్ అరిగినా ఇలా అవుతుంది. రెసిస్టర్ రెండు కొనలా టెస్ట్ లాంప్ పెట్టి, కీ ఆన్ చేసి చూడండి. ఒక వైపు వెలిగి రెండో వైపు వెలగకపోతే రెసిస్టర్. రెండు వైపులా వెలగకపోతే స్విచ్, లేదా అక్కడి నుంచి వచ్చే వైరు.

ప్రశ్న అడిగినవారు:
వైరు మార్చాను. గ్యాప్ సరిచేశాక టైమింగ్ లైటుతో చూస్తే రెండు డిగ్రీలు జరిగి ఉంది, అదీ సరిచేశాను. నిన్న రెండు గంటలు నడిపాను, సగం పెడల్‌లోనూ మెత్తగా పోతోంది. కాయిల్ కొనలేదు. తీసేసిన వైరును మా అబ్బాయికిచ్చి ఇందులో తప్పేంటో చెప్పమన్నాను, ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.