ఆదాయంలో రైతుబంధు, పింఛను కలిపాక గినీ సూచిక (ఆదాయ అసమానతను కొలిచే అంకె) ఎట్లా తీయాలి?
పరకాల దిక్కు ఊళ్లవి, 2022-23 నాటి ఇంటింటి లెక్కలు. సర్కారు సాయానికి ముందు, తర్వాత తలసరి ఆదాయ గినీ కావాలి. అప్పట్లో రైతుబంధు (పట్టా భూమికి సర్కారు ఇచ్చిన పంట పెట్టుబడి సాయం) ఎకరానికి సీజనుకు 5,000. పదెకరాల పట్టాదారుకు ఏడాదికి లక్ష, కౌలురైతుకు సున్నా. వృద్ధాప్య పింఛను అప్పుడు నెలకు 2,016, అది ఎకరాలను బట్టి పెరిగేది కాదు. అందుకే రెంటినీ ఒకే పద్దులో కలపడం తప్పే.

చిక్కు ఎక్కడంటే, గినీ తీయడానికి ఇండ్లను పేద నుంచి ధనిక దాకా పేర్చేటప్పుడు, సాయానికి ముందున్న వరుసలోనే ఉంచాలా, కొత్త ఆదాయంతో మళ్లీ పేర్చాలా? మళ్లీ పేరిస్తే అసమానత తగ్గుదల చిన్నగా కనిపిస్తది. ఏ అంకె చూపాలి?

ఇంకోటి, కంట్రోల్ బియ్యానికి ఏ ధర కట్టాలి: కిరాణా కొట్టు ధరా, జనం వాటిని అమ్ముకునే ధరా? మొదటిది వేస్తే పేదింటి ఆదాయం ఉబ్బుతది. రైతుబంధు చూసి కౌలు పెంచిన చోట ఆ భారాన్ని ఏ పద్దులో రాయాలి? చేసినవాళ్లు చెప్పగలరు.