"తలుపు! తలుపు!" - 'దిద్దుబాటు'లో ఆ తలుపు మూసి ఉందా?

గురజాడ కథ 'దిద్దుబాటు' (ఆంధ్రభారతి పత్రిక, ఫిబ్రవరి 1910) మొదటి మాట "తలుపు! తలుపు!" గురించి చాలామంది రాశారు, మూసిన తలుపంటే ఆడవాళ్లను లోపల బంధించిన పాత సమాజం అని. వినడానికి బాగానే ఉంది కానీ కథలో ఆ తలుపుకు గడియే పెట్టలేదు కదండీ! సాని పాట విని అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావు చెయ్యి తగలగానే రెక్క విడిపోతుంది.

ఆ తలుపు ఏదన్నా చెబుతోందంటే అతని గురించే. లోపల గడియారం ఒంటిగంట కొడుతుంటే బయట నిలబడి లెంపలు వేసుకుంటాడు, రేపటినుంచి సాని పాటకు పోనంటాడు, ఆ వెంటనే నౌకరు రాముణ్ణి మెల్లగా లేపి, చప్పుడు లేకుండా పక్క చేరి పెద్దమనిషిలా పడుకోవడం ఎలాగా అని ప్లాను. తలుపు వేసి ఉందనుకున్నాడు, భార్య నిద్రపోతోందనుకున్నాడు, ఆమె రాసిపెట్టిన ఉత్తరం చూసి పుట్టింటికి వెళ్లిపోయిందనుకున్నాడు. మూడూ తప్పే.

ఇక లోపలికొచ్చి అతను గీసిన అగ్గిపుల్లకూ లోతైన అర్థం ఉందంటారా, ఖాళీ మంచం చూసి అది చేతిలోంచి జారగానే గదినీ అతని మనసునీ చీకటి కమ్మిందని రచయితే చెప్పేశాడు. ఇక మనం విప్పేదేముంది? నన్నడిగితే ఆ 'మనసునీ' అన్న ముక్క లేకపోయినా నష్టం లేదు.

అతని భార్య కమలిని కథలో ఒక్క మాటా మాట్లాడదు కాబట్టి ఆమె పాత్రే కాదు, వట్టి ఆదర్శం అన్నవాళ్లతో మాత్రం ఒప్పుకోను. ఉత్తరం మళ్లీ చూడండి. నేను ఇంట్లో ఉండబట్టే కదా మీకు అబద్ధాలాడే అవసరం వచ్చింది, అందుకే కన్నవారింటికి పోతున్నా అని రాసి, వెళ్లి మంచం కింద దూరింది! అబద్ధమాడే మొగుణ్ణి అబద్ధంతోనే పట్టింది, అతను రాముడి ముందు పడే పాట్లన్నీ అక్కడి నుంచే వింది, చివర్లో మనకు వినిపించేది ఆమె నవ్వూ గాజుల చప్పుడూ మాత్రమే. ఇంత కొంటెతనం ఉన్న మనిషి ఆదర్శం బొమ్మ ఎలా అవుతుంది? ఆడవాళ్లకు రాతలు నేర్పితే ఇంతేనని రాముడు సణుగుతాడు చూశారా, చదువుకున్న గోపాలరావు కంటే ఆ ఉత్తరం బలం వాడికే ముందు తెలిసింది.