మిర్చి పట్టీల వెబ్ యాప్ ఒక్కడే కట్టాలంటే: జాంగోనా, రియాక్టా?

ప్రశ్న – హన్మకొండ చౌరస్తా

అన్నలందరికీ నమస్తే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణానికి వెబ్ యాప్ కట్టాలె. రైతు పేరు, ఊరు, మిర్చి రకం (తేజ, వండర్ హాట్, చపాట), బస్తాలు, తూకం, క్వింటాల్ ధర, కమీషన్, హమాలీ ఎక్కిస్తే పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) తెలుగులో ప్రింట్ కావాలె. దుకాణంలో ఒక విండోస్ కంప్యూటర్, కాంటా దగ్గర రెండు ఫోన్లు ఉన్నయ్. పైథాన్ బేసిక్స్, హెచ్‌టీఎంఎల్, కొంచెం ఎస్‌క్యూఎల్ వచ్చు. జావాస్క్రిప్ట్ అంతంతే. ఎవరినడిగినా రియాక్ట్ (స్క్రీన్లకు), నోడ్ (సర్వర్‌కు), మోంగోడీబీ (డేటాబేస్‌కు) అంటున్నరు. ఏది పట్టుకోవాలె, ఏ వరుసలో పోవాలె?

కాజీపేట జంక్షన్

తమ్మీ, జాంగో పట్టుకో, పైథాన్‌తో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్. అమెరికాలోని లారెన్స్ అనే ఊర్లో ఒక దినపత్రిక ఆఫీసులో పుట్టింది అది, 2005లో బయటికొచ్చింది. విలేఖరులు తామే సమాచారం ఎక్కించుకునేందుకు పెట్టిన అడ్మిన్ పేజీ ఇప్పటికీ దాని పెద్ద బలం. నీ పనిలో సగం ఎంట్రీ, వెతకడం, సరిదిద్దడమే కదా, అదంతా అడ్మిన్‌లో దాదాపు తయారుగా దొరుకుతది.

వెర్షన్ 5.2 వేసుకో. 2025 ఏప్రిల్‌లో వచ్చింది, 2028 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ మార్పులు వస్తయ్. పైథాన్ 3.12 సరిపోతది. ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్ట్‌కే వేరుగా ఉండే పైథాన్ అర) చేసుకుని అందులోనే పిప్ (పైథాన్ ఇన్‌స్టాలర్)తో జాంగో ఇన్‌స్టాల్ చెయ్. పవర్‌షెల్‌లో దాన్ని యాక్టివేట్ చేయబోతే స్క్రిప్టులు నడపనియ్యనని ఎర్రక్షరాలొస్తయ్. భయపడకు, పాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అక్కడ చెయ్, లేదంటే నీ యూజర్ వరకు ఎగ్జిక్యూషన్ పాలసీని రిమోట్‌సైన్డ్‌కు మార్చు.

ప్రాజెక్ట్ తయారు కాగానే మైగ్రేట్ (డేటాబేస్‌లో టేబుళ్లు వేసే కమాండ్) కొట్టకు. దానికన్నా ముందు రెండు పనులున్నయ్. ఒకటి, జాంగో ఇచ్చే అబ్‌స్ట్రాక్ట్‌యూజర్ నుంచి నీ సొంత యూజర్ మోడల్ (మోడల్ అంటే టేబుల్‌లో ఏమేముండాలో పైథాన్‌లో రాసేది) రాసి సెట్టింగ్స్‌లో చూపించు. లోపల ఏమీ లేకున్నా ఫర్వాలేదు. రేపు గుమాస్తాకు ఫోన్ నంబర్ చేర్చాలన్నప్పుడు పనికొస్తది. టేబుళ్లు పడ్డాక మార్చాలంటే మిగతావన్నీ దానికి ముడిపడి ఉండి నరకం కనబడుతది. రెండోది, టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతా చెయ్. మొదట యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. అట్లనే వదిలేస్తే తెల్లారి ఐదున్నర లోపు దిగిన బస్తాల ఎంట్రీ నిన్నటి తారీఖులో పడుతది, రోజు లెక్క కలవదు.

ఇక మోడళ్లు. స్క్రీన్లు ఎట్లుండాలో తర్వాత చూసుకోవచ్చు, ముందు కాగితం పట్టీ ఒకటి ముందర పెట్టుకో. అందులో ఏ గడి ఏ టేబుల్‌లోకి పోతదో గీసుకో. రైతు, రకం, పట్టీ, మూడు చాలు. డబ్బుకు, తూకానికి ఫ్లోట్ (ఉజ్జాయింపు దశాంశం) వాడొద్దు, డెసిమల్‌ఫీల్డ్ (కచ్చితమైన దశాంశం) వాడు. ఫ్లోట్‌లో 0.1, 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. 7 క్వింటాళ్ల 42 కిలోలు, క్వింటాల్ 13,500 అయితే 1,00,170 రూపాయలు రావాలె, పైసా అటుఇటు అయినా రైతు అడుగుతడు, అడగాలె కూడా. కమీషన్ శాతం, హమాలీ రేటు సెట్టింగుల్లో పెట్టి లెక్కగట్టకు. పట్టీ కొట్టిన రోజు ఎంతుందో ఆ పట్టీ వరుసలోనే దాచు. లేకుంటే రేటు మారిన మరునాడు పోయిన సీజన్ పట్టీలు కూడా మారిపోతయ్.

పట్టీలో రైతును ఫారిన్ కీగా (ఇంకో టేబుల్‌కు లింక్) పెట్టేటప్పుడు ఆన్ డిలీట్ (ఆ రైతును తీసేస్తే ఏం చేయాలె) ఏమిటని అడుగుతది. చాలా ట్యుటోరియళ్లలో కాస్కేడ్ ఉంటది. నువ్వు మాత్రం ప్రొటెక్ట్ పెట్టు, పట్టీలున్న రైతును తీసేయనియ్యదు. కాస్కేడ్ ఉంటే ఒక రైతు పేరు డిలీట్ కొట్టగానే అతని పట్టీలన్నీ మాయమైతయ్.

మోడల్ మార్చినప్పుడల్లా మేక్‌మైగ్రేషన్స్ (మార్పును ఫైల్‌గా రాసే కమాండ్), తర్వాత మైగ్రేట్. రెండోది మరిచిపోతే టేబుల్ లేదనో, కాలమ్ లేదనో ఎర్రర్ వస్తది. సొంత ఫారం పంపితే 403 (అనుమతి లేదు) వచ్చిందంటే, ఫారం ట్యాగ్ లోపల సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఫారం మన సైట్ నుంచే వచ్చిందని చూపే గుర్తు) మరిచినట్టే.

జగిత్యాల రోడ్

పై అన్న చెప్పిన దారే నాదీ. రియాక్ట్ మంచిదే, 2013 నుంచి ఉన్నది, ఉద్యోగాలకు అవసరమే. కానీ ఈ పనికి తెస్తే ఒకటికి రెండు ప్రాజెక్టులు అయితయ్. రియాక్ట్‌ను నడిపే వీట్ (Vite) సర్వర్ 5173 పోర్ట్‌లో, జాంగో 8000లో నడుస్తయ్. పోర్ట్ వేరైతే బ్రౌజర్‌కు అది వేరే ఆరిజిన్ (వేరే సైట్ లెక్క), సీఓఆర్‌ఎస్ (సైట్ల మధ్య అనుమతి) ఎర్రర్‌తో ఆపేస్తది. అది దాటినంక లాగిన్ కుకీల గొడవ. పేజీ మొత్తం రీలోడ్ కాకుండా కాంటా దగ్గర ఒక్క వరుస చేర్చాలంటే హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న లైబ్రరీ చాలు, జావాస్క్రిప్ట్ దాదాపు రాయనక్కర్లేదు.

తర్వాతెప్పుడన్నా రియాక్ట్ నేర్చుకుంటే, క్రియేట్ రియాక్ట్ యాప్ (పాత ప్రాజెక్ట్ తయారీ టూల్)తో మొదలయ్యే వీడియోలు వదిలెయ్. 2025 ఫిబ్రవరిలో దాన్ని అధికారికంగా పక్కన పెట్టిన్రు.

నెట్ లేకున్నా ఫోన్లో ఎంట్రీ కావాలంటే మాత్రం కథ వేరు. దానికి సర్వీస్ వర్కర్ (బ్రౌజర్ వెనకాల నడిచే స్క్రిప్ట్) కావాలె, అది హెచ్‌టీటీపీఎస్ మీదనే పనిచేస్తది. దుకాణం వైఫైలో మామూలు ఐపీ అడ్రస్‌తో తెరిస్తే నడవదు.

హన్మకొండ చౌరస్తా

సమజైంది అన్నా. ఇంకోటి, దుకాణం కంప్యూటర్‌లోనే నడపొచ్చా? డేటాబేస్‌కు ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్) ఆగుతదా?

పోచమ్మమైదాన్

మూడు మిషన్లే కాబట్టి ఆగుతది. కాకపోతే ఎస్‌క్యూలైట్‌లో ఒక్కసారి ఒక్కరే రాయగలరు. ఇద్దరు ఒకేసారి సేవ్ కొడితే, ఐదు సెకన్లలో వంతు రాకుంటే ‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’ అంటది. డేటాబేస్ ఆప్షన్లలో టైమౌట్ 20 పెట్టు, ట్రాన్సాక్షన్ మోడ్ ఇమీడియట్ చెయ్, జర్నల్ మోడ్‌ను డబ్ల్యూఏఎల్‌కు (చదివేవాళ్లు, రాసేవాళ్లు ఒకరినొకరు ఆపుకోని పద్ధతి) మార్చు. ఫైల్ మాత్రం ఆ కంప్యూటర్ సొంత డిస్క్‌లోనే ఉండాలె, షేర్డ్ ఫోల్డర్‌లో పెడితే పాడైతది. రాత్రి బ్యాకప్‌కు ఫైల్‌ను ఊరికే కాపీ కొట్టకు, ఎస్‌క్యూలైట్ బ్యాకప్ కమాండ్‌తో తీసి పెన్‌డ్రైవ్‌లోకి పంపు.

రన్‌సర్వర్ (జాంగోతో వచ్చే సర్వర్) కోడ్ రాసుకునేటప్పటికే. గల్లాపెట్టె పక్కన పెట్టేది వెయిట్రెస్ అనే సర్వర్‌తో 8000 పోర్ట్‌లో నడుపు, గునికార్న్ అనే ఇంకో సర్వర్ విండోస్‌లో పనిచేయదు. సెట్టింగ్స్‌లో డీబగ్ (తప్పుల వివరాలు చూపే మోడ్) ఫాల్స్ చేయగానే రెండు దెబ్బలు తగులుతయ్. అలౌడ్ హోస్ట్స్ (తెరవనిచ్చే అడ్రస్‌ల జాబితా)లో కంప్యూటర్ ఐపీ లేకుంటే 400 ఎర్రర్ వస్తది. అది సరైనంక పేజీ రంగులు, అడ్మిన్ డిజైన్ అన్నీ పోయి బోసిగా కనబడుతది, ఎందుకంటే అప్పుడు జాంగో స్టాటిక్ ఫైళ్లు (సీఎస్‌ఎస్, బొమ్మలు) పంపదు. వాటిని పంపే వైట్‌నాయిస్ మిడిల్‌వేర్‌ను సెక్యూరిటీ మిడిల్‌వేర్ కింద పెట్టి, వాటిని ఒకచోట చేర్చే కలెక్ట్‌స్టాటిక్ కమాండ్ కొట్టు. రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు ఒకే ఐపీ రిజర్వ్ చెయ్, ఫైర్‌వాల్‌లో ప్రైవేట్ నెట్‌వర్క్‌కు 8000 పోర్ట్ వదులు. ఫోన్లో తెరుచుకోకుంటే ముందు ఫైర్‌వాలే చూడు.

ప్రింట్‌కు పీడీఎఫ్ లైబ్రరీల జోలికి పోకు. చాలావాటిలో వత్తులు విడిపోయి ‘మిర్చి’ అనేదే సరిగ్గా పడదు. పట్టీని హెచ్‌టీఎంఎల్ పేజీగా చేసి బ్రౌజర్ నుంచే ప్రింట్ తియ్, నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను ప్రాజెక్ట్‌లోనే పెట్టుకో. లైన్ హైట్ 1.6 దాకా పెట్టు, మరీ తక్కువైతే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతయ్. నెల లెక్క సీఎస్‌వీగా ఇస్తే ఎన్‌కోడింగ్ ‘యూటీఎఫ్-8-సిగ్’ రాయి, మామూలు యూటీఎఫ్-8 ఇస్తే ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసినప్పుడు రైతుల పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా వస్తయ్.