అప్‌డేట్: బరంపురం హోటల్ బిల్లు, సర్వీస్ ఛార్జ్ సంగతి

పోయిన నెల అడిగింది నేనే. ఆరుగురం కలిసి తిన్నాం. తిండి 3,000, సర్వీస్ ఛార్జ్ 10 శాతం అంటే 300, మొత్తం మీద జీఎస్టీ 5 శాతం 165, వెరసి 3,465. తలా 577.50 ఇచ్చి, పైన టిప్పు కూడా పెట్టాం. పప్పన్నం తిన్న నేనూ, మటన్ తిన్న బావా ఒకే మొత్తం ఇవ్వడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న.

సర్వీస్ ఛార్జ్ తీసేయమని అడగమనీ, ఎవరు తిన్నదానికి వాళ్లే ఇచ్చుకోమనీ మీరు చెప్పినట్టే చేశాను. నిన్న మళ్లీ అక్కడికే వెళ్లాం. బిల్లులో మళ్లీ సర్వీస్ ఛార్జ్ కనిపించింది. కౌంటర్ దగ్గర మర్యాదగానే అడిగాను: "అన్నా, 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దీన్ని దానంతటదే వేయకూడదంది కదా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట చెప్పింది." మారు మాట్లాడకుండా తీసేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాల్సిన పని పడలేదు. దాని మీది జీఎస్టీ కూడా పోయింది, అది చాలామంది చూసుకోరు.

పంపకం ఇలా చేశాం: అందరం తిన్న స్టార్టర్లు 600, తలా 100. నా భోజనం 180. మొత్తం 280, జీఎస్టీతో 294. టిప్పు మాత్రం సమానంగానే, తలా 40. వడ్డించిన తమ్ముడు అందరికీ ఒకేలా తిరిగాడు కదా. ఆ 240 అతని చేతికే ఇచ్చాం.

బావ ఏమనుకుంటాడోనని వెళ్లే ముందు రెండు రోజులు నిద్ర పట్టలేదు. "ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు, అంతే.