సీఐలో గోఎఫ్ఎంటీ చెక్ ఫెయిల్, నా లాప్‌టాప్‌లో మాత్రం అంతా ఓకే

నైట్‌షిఫ్ట్_కోడర్: పొద్దున్నుంచీ ఇదే పని. సీఐలో (కోడ్ పంపగానే సర్వర్‌లో దానంతటదే జరిగే చెకింగ్) గోఎఫ్ఎంటీ, అంటే గో భాష కోడ్‌ని సర్దే టూల్, ఫార్మాట్ చెక్ ఫెయిల్ అవుతోంది. అదే ఫైల్‌ని నా దగ్గర ఫార్మాట్ చేస్తే ఒక్క అక్షరం మారదు. లైన్ చివర స్పేస్‌లు తీశాను, లైన్ ఎండింగ్స్ మార్చాను. గొడవంతా కామెంట్ల దగ్గరే. సాయంత్రానికి మెయిన్ కోడ్‌లో మెర్జ్ అవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

కృష్ణాతీరం: గో వెర్షన్ ఎంతండీ? రెండు చోట్లా చెప్పండి. ఆ కామెంట్ ఎలా రాశారు?

నైట్‌షిఫ్ట్_కోడర్: వెర్షన్‌తో పనేముందండీ, కోడ్ ఒకటేగా. ఫంక్షన్ పైన ‘పారామీటర్లు’ అని రాసి, కింద మూడు స్పేస్‌లు జరిపి ఐడీ, పేరు, లిమిట్ ఒక్కో లైన్‌లో రాశాం. టీమంతా ఇలాగే రాస్తుంది.

పాతకాపు: ఇది జావా అలవాటు. గోలో డాక్ కామెంట్ (ఫంక్షన్‌కి సరిగ్గా పైన ఉండి, డాక్యుమెంటేషన్‌లో కనిపించే కామెంట్) ఫంక్షన్ పేరుతో మొదలై పూర్తి వాక్యంగా ఉండాలి. పారామీటర్ల పట్టిక ఎవరు చదువుతారు? పేరు, టైపు ఫంక్షన్ మొదటి లైన్‌లోనే (సిగ్నేచర్) కనిపిస్తాయి. లిమిట్ సున్నా అయితే ఏమవుతుందో, ఎర్రర్ ఎప్పుడొస్తుందో రాయండి. చదివేవాడికి కావాల్సింది అది.

ట్యాబ్_మాత్రమే: 1.19.

కృష్ణాతీరం: ఆయన చెప్పింది అదే. 2022 ఆగస్టులో వచ్చిన 1.19 నుంచి గోఎఫ్ఎంటీ డాక్ కామెంట్లను కూడా సర్దుతోంది. అంతకుముందు వాటిని ముట్టుకునేది కాదు. జరిపి రాసిన లైన్లను అది కోడ్ బ్లాక్ అనుకుంటుంది. ముందూ వెనకా ఖాళీ లైన్ లేకపోతే పెడుతుంది, మీ మూడు స్పేస్‌ల స్థానంలో ఒక ట్యాబ్ వేస్తుంది. ఒక్కో లైన్ ముందు డ్యాష్ పెట్టండి, అప్పుడు జాబితాగా గుర్తిస్తుంది. డ్యాష్‌కి ముందు రెండు స్పేస్‌లు, కింది లైన్‌కి కొనసాగితే నాలుగు. జాబితాలో జాబితా మాత్రం కుదరదు.

సర్వర్_రూమ్: అంత కష్టమెందుకు? కామెంట్‌కీ ఫంక్షన్‌కీ మధ్య ఒక ఖాళీ లైన్ వదిలితే దాని జోలికే రాదు.

పాతకాపు: అప్పుడది డాక్ కామెంటే కాదు. గో డాక్‌లో కనిపించదు. చెక్ పాస్ చేయించడానికి డాక్యుమెంటేషన్‌నే చంపేస్తారా?

సర్వర్_రూమ్: ఫైల్‌లో ఉంటుంది కదండీ. కామెంట్ కామెంటే.

పాతకాపు: కాదు. ప్యాకేజీ వాడేవాళ్లు మీ ఫైల్ తెరవరు.

నైట్‌షిఫ్ట్_కోడర్: లాప్‌టాప్‌లో 1.18, సీఐలో 1.22. కొత్తది వేసి, డ్యాష్‌లు పెట్టాను. పాస్ అయింది, థాంక్సండీ. పొడుగు లైన్లను కూడా అదే మడతపెడుతుందా?

ట్యాబ్_మాత్రమే: లేదు, అది ఎడిటర్ పని. విమ్‌లో జీక్యూ కమాండ్, వీఎస్ కోడ్‌లో రీరాప్ ఎక్స్‌టెన్షన్.

పైథాన్_పిల్ల: పైథాన్ కోడ్ సర్దే మా బ్లాక్ టూల్ కూడా అంతేనండీ. డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ లోపల రాసే వివరణ) ఇండెంట్ సరిచేస్తుంది, పొడుగు లైన్లను వదిలేస్తుంది. పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 అయితే కామెంట్లు, డాక్‌స్ట్రింగ్‌లు 72 అక్షరాల్లో ఉంచమంటుంది. నా బాధ వేరు. మా బడి పిల్లల ప్రాజెక్టులో డాక్‌స్ట్రింగ్‌లు తెలుగులో రాస్తున్నాం. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, పైథాన్ లెక్కలో పొడవు 6. కాబట్టి ఆ 72 లెక్క పెడితే తెలుగు లైన్లు సగం వెడల్పుకే విరిగిపోతున్నాయి. దీనికి ఎవరైనా ఏం చేస్తున్నారు?