సమస్య: ఊరి పేరు లేదు వారి పేర

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడు పాదాలు మీరు పూరించండి. యతి చెల్లలేదని ఎవరూ రాయకండి, ఊరి–వారి ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం). విషయం: స్పానిష్‌లో ఊరివాళ్లను పిలిచే పదాలు. మామూలుగా ఊరి పేరుకు తోక తగిలిస్తారు: సెవియావాడు సెవియానో. ఏ ఊరికి ఏ తోకో చెప్పే సూత్రం లేదు. చిలీ శాంతియాగోవాడు శాంతియాగీనో, క్యూబా శాంతియాగోవాడు శాంతియాగేరో, స్పెయిన్‌లో అయితే శాంతియాగేస్! మనకు కావలసింది ఊరి పేరే కనబడని పదం.

కొత్త కలం:
ఊరు వెల్వ, పిలుతు రొనుబెన్సె యంచును
పాత రోము నాటి పదము నిలిచె
కొత్త పేరు వచ్చి కూర్చున్న నేమాయె?
ఊరి పేరు లేదు వారి పేర

నిర్వాహకుడు: మూడో పాదం ప్రశ్నతో ఆగింది కనుక ‘ఊరి’ దగ్గర విసంధి (సంధి చేయకుండా వదిలేసిన దోషం) బాధ లేదు. యతులు బాగున్నాయి. చిక్కు అర్థంలో ఉంది. స్పెయిన్‌లోని వెల్వవాళ్లు ఒనుబెన్సెలే గానీ, వెల్వ కొత్త పేరు కాదండీ. రోమన్లు ఒనుబ అన్నదే అరబ్బుల నోట మారి వెల్వ అయింది.

కొత్త కలం: నిజమే గురువుగారూ. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:
అరబు నోట నలిగి యా పేరు మారెగా!

నిర్వాహకుడు: ‘నలిగి’ అన్న మాటతో పద్యం నిలబడింది.

పాత చెరువు:
గాలి మంచిదనెడి ఘన నగరమువారు
రేవువార మనెడి ఠీవితోడ
తిరుగుచుంద్రు, పేరు దెలుపంగ చూడుడు!
ఊరి పేరు లేదు వారి పేర

నిర్వాహకుడు: బ్యూనస్ ఐరిస్ అంటే మంచి గాలులు, అక్కడివాళ్లు పోర్తేన్యోలు, అంటే రేవువాళ్లు. రేవు–ఠీవి ప్రాసయతికి నా చప్పట్లు. ‘చూడుడు’ మాత్రం గణం నింపడానికి తెచ్చిన మాట. ‘నగరము’ అనడం మంచిదైంది. అదే పేరున్న రాష్ట్రంవాళ్లు బొనాయెరెన్సెలు. అందులో ఊరి పేరు దాక్కుని ఉంది, సమస్యకు చెల్లదు.

కొత్త కలం: సాలమాంకావాళ్లు సాల్మంతీనోలు కదా, పనికొస్తారా?

నిర్వాహకుడు: సగం పేరు కనబడుతూనే ఉంది. వద్దు.

పాత చెరువు: స్పెయిన్‌లోనే కలతాయుద్ అనే ఊరివాళ్లు బిల్బిలితానోలు. దగ్గరలోని బిల్బిలిస్ అనే పాత రోమన్ ఊరి పేరు అది. ఇంతకంటే దొరకదు. కానీ గణాల్లోకి దించలేక రాత్రి ఒంటిగంట అయింది.

నిర్వాహకుడు: చిన్నవైన సూర్యగణాల్లో (గురులఘువులు గానీ మూడు లఘువులు గానీ) ఇరికిస్తున్నట్టున్నారు. మూడో పాదం చివర, వాటికంటే పెద్దవైన ఇంద్రగణాల చోట పెట్టండి: బిల్బిలి–తానొలు, రెండూ భగణాలే (ఒక గురువు, రెండు లఘువులు). రేపు సాయంత్రం దాకా గడువు.